సురభి: ఒక ఇల్లు, యాభై సమాజాలు, మిగిలిన అయిదు

తెలుగు నాటకం గురించి మాట్లాడే సభల్లో పద్యాలు ఎత్తుతారు, పాత నటుల పేర్లు తలుచుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు. అంకెలు మాత్రం ఎవరూ ఎత్తరు. సురభి నాటక సమాజాల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఆ పేరు వినగానే చేతులు జోడించి "మహా కళాకారులండీ" అనేస్తాం. నమస్కారం పెట్టేశాక ఇక లెక్కలెవరు అడుగుతారు?

అడిగితే మూడు అంకెలు తేలతాయి: ఒకటి, యాభై, అయిదు. 1885లో కడప జిల్లాలోని ఒక మారుమూల ఊళ్ళో సురభి ఒక్క సమాజంగా పుట్టింది. బాగా నడిచిన రోజుల్లో ఆ పేరుతో ఊరూరా తిరిగిన సమాజాలు యాభై దాకా ఉండేవని చెబుతారు. ఇవాళ మిగిలినవి అయిదు. 2025 నాటికి ఈ ప్రయాణానికి 140 ఏళ్ళు నిండాయి.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, నాటకం పోయింది అని చటుక్కున జవాబు చెప్పేయొచ్చు. అది సగమే నిజం. అదే పూర్తి నిజమైతే మిగిలిన నాటక కంపెనీల్లాగే సురభి కూడా 1950లకే మూతపడాలి. మిగతావి మూతపడినా ఇది నిలిచింది. ఎందుకు నిలిచిందో, నిలిచి కూడా ఎందుకు తగ్గిందో రెండింటికీ కారణం ఒకే చోట దొరుకుతుంది. సురభి ఒక కుటుంబం. అది పెరిగిన తీరూ తగ్గిన తీరూ ఇంటి లెక్కల్లోనే ఉన్నాయి.

సొరుగులో ఒక పెళ్ళి

ఇప్పుడు చక్రాయపేట మండలంలో ఉన్న సురభి గ్రామానికి పాత పేరు సొరుగు. 1885లో అక్కడ ఊరి పెద్దల ఇంట పెళ్ళి జరిగింది. పెళ్ళిలో వినోదం కోసం తోలుబొమ్మలాట ఆడే వనారస వారిని పిలిచారు. వనారస గోవిందరావు, వనారస చిన్నరామయ్య ఆ పూట బొమ్మలు పక్కన పెట్టి, మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. సురభికి అదే మొదటి ప్రదర్శన. తర్వాత శ్రీ శారదా వినోదిని సభ పేరుతో సమాజం స్థిరపడింది, ఊరి పేరే ఇంటిపేరైంది.

వీళ్ళు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడే కుటుంబాలు. శివాజీ సైన్యంలో పనిచేసిన వాళ్ళ వారసులమని తరతరాలుగా చెప్పుకుంటారు. రాయలసీమకు వచ్చి తోలుబొమ్మలాట పట్టారు. రాత్రిళ్ళు తెలుగు పద్యం పాడి, పొద్దున లేచి పిల్లల్ని మరాఠీలో కేకలేసే ఇళ్ళు ఇవి.

ఆ దశాబ్దంలో ఆంధ్రదేశమంతా నాటకం గాలి వీస్తోంది. 1880లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించారు. ధార్వాడ నుంచి వచ్చిన నాటకాల వాళ్ళు కోస్తా పట్టణాల్లో ప్రదర్శనలిచ్చి చదువుకున్న కుర్రాళ్ళకు రంగస్థలం పిచ్చి ఎక్కించారు. 1886లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టారు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి రంగం మీదికొచ్చింది.

ఈ వరసలో సురభిని పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బళ్ళారిలో ఆడింది వకీళ్ళు, ఉద్యోగులు. వాళ్ళకు నాటకం సాయంత్రపు వ్యసనం, అన్నం పెట్టేది కోర్టు. విజయనగరంలో వెనక సంస్థానం నీడ ఉంది. ఆ తర్వాత వచ్చిన మైలవరం కంపెనీకి జమీందారు చెయ్యి ఉంది. సురభికి వకీలు ఆదాయమూ లేదు, జమీందారు ఖజానా లేదు. గేటు దగ్గర టికెట్టు తెగితేనే పొయ్యి వెలిగేది. తెలుగు నాటక చరిత్ర పుస్తకాల్లో పండితుల సమాజాలకు అధ్యాయాలు దక్కాయి, సురభికి చాలాకాలం పేరాలే దక్కాయి. కానీ టికెట్టు డబ్బుతో మొదలై నూట నలభై ఏళ్ళు బతికింది మాత్రం ఇదొక్కటే.

ద్రౌపదికి ద్రౌపదే

పంతొమ్మిదో శతాబ్దం చివర తెలుగు రంగస్థలం మీద ఆడవేషం అంటే మగవాడు చీర కట్టడమే. ఇందులో శిఖరం లాంటి వాడు బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు. ఆయన సత్యభామ వేషానికి జనం ఊగిపోయేవారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. స్థానం వారు పుట్టకముందే సురభి వాళ్ళు ఆడవేషాలు తమ ఇంటి ఆడవాళ్ళ చేత వేయించారు.

దీన్ని సంఘ సంస్కరణ కింద రాసేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు విషయం వెంటనే బోధపడుతుంది. తెర వెనక సీత బొమ్మకు గొంతు ఇచ్చేది ఎప్పుడూ ఆ ఇంటి ఆడదే. రావణుడికి మొగుడు పాడితే మండోదరికి పెళ్ళాం పాడుతుంది. తెర తీసేసి మనుషులే ముందుకొచ్చిన రోజున ఆ గొంతు మనిషి కూడా ముందుకొచ్చింది, అంతే. వాళ్ళకు అది పాత అలవాటు, చూసేవాళ్ళకే కొత్త. 1890లలో మద్రాసు రాజధానిలో భోగం మేళాల మీద పెద్ద ఉద్యమం లేచింది. రంగం మీద కనిపించిన ఆడదాని మీద ఊరి నోరు ఎలా లేచేదో ఊహించుకోవచ్చు. అలాంటి కాలంలో భార్య ద్రౌపది, భర్త భీముడు, బావగారు కీచకుడు, హార్మోనియం దగ్గర మామగారు ఉంటే అనడానికి ఊరికి సందు దొరకదు. రంగం మీద ఉన్నది మొత్తం ఒకే ఇల్లు.

దీని ఫలితం లెక్కలో చూడాలి. మగవాళ్ళు మాత్రమే నటించే కంపెనీకి ఇరవై మంది నటులు కావాలంటే ఇరవై కుటుంబాల నుంచి రావాలి. ఆ ఇరవై మంది జీతాల మీద ఎక్కడో ఇరవై ఇళ్ళు ఆధారపడతాయి, అవి కంపెనీకి ఏ పనీ చేయవు. సురభిలో ఇరవై మంది నటులు నాలుగైదు ఇళ్ళలోనే దొరుకుతారు. తినే నోళ్ళలో ఎక్కువభాగం పనిచేసే చేతులే. కంపెనీకీ కుటుంబానికీ మధ్య ఖర్చులో ఉన్న ఈ తేడాయే సురభికి మొదటి పెట్టుబడి.

ఒకటి యాభైకి చేరిన తీరు

సురభిలో పిల్లవాడు నడక వచ్చీరాగానే రంగం మీదికొస్తాడు. ముందు బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు. కాస్త ఎదిగాక లవకుశులు. మీసాలొచ్చే వయసుకు కృష్ణుడో అభిమన్యుడో. ఒళ్ళు చేశాక భీముడు, ఘటోత్కచుడు. గొంతు అరిగాక తెర లాగడం, దీపాలు చూడటం, చిన్నవాళ్ళకు పద్యం నేర్పడం. ఆడపిల్లలకూ ఇదే వరస: బాలకృష్ణుడి వేషం వాళ్ళూ వేస్తారు, తర్వాత శశిరేఖ, ఆ తర్వాత సుభద్ర, చివరికి హిడింబ. పదవీ విరమణ లేదు, పింఛను కూడా లేదు. మనిషి ఒకరైనా జీవితకాలంలో నాలుగైదు ఉద్యోగాలు చేస్తాడు.

చిక్కంతా నడివయసులో వస్తుంది. నాటకంలో కృష్ణుడు ఒక్కడే, ద్రౌపది ఒక్కతే. ఒకే సమాజంలో కృష్ణుడు వేయగల యువకులు నలుగురు తయారైతే ముగ్గురు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అంతలో పెళ్ళిళ్ళవుతాయి. సంబంధాలు చాలావరకు సురభి కుటుంబాల్లోనే, మేనరికాలూ మామూలే. అంటే వచ్చే కోడలికి పాత్రలు వచ్చు, వచ్చే అల్లుడికి పద్యాలు వచ్చు. కొత్త జంట చేతిలో ఒక నాటక సమాజానికి కావాల్సిన సగం సరుకు పెళ్ళిరోజే ఉంటుంది. నాలుగు తెరలు, రెండు పెట్టెల దుస్తులు, ఒక హార్మోనియం పంచి ఇస్తే కొత్త సమాజం లేచి నిలబడుతుంది. గోవిందరావు కూతుళ్ళు, అల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు ఇలాగే విడిపోయి కొత్త సమాజాలు పెట్టుకున్నారు. వనారస, రేకందార్, సింధే, ఆవేటి అనే ఇంటిపేర్లు సురభి చరిత్రలో పదేపదే కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు గుణకారం చేద్దాం. ఒకటి యాభై దాటాలంటే ఆరుసార్లు రెట్టింపు కావాలి: రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు. దీనికి మూడు తరాలు పట్టిందనుకుంటే ఒక్కో తరంలో నాలుగింతలు. అంటే ప్రతి సమాజం నుంచీ తరానికి నాలుగు సమాజాలు వచ్చాయన్నమాట. ఆ కాలపు ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలుండేవారో తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. ఇది వ్యాపార విస్తరణ పథకం వేసుకుని సాధించిన వృద్ధి కాదు. పిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళయ్యాయి, వేషాలు చాలక వేరుపడ్డారు.

వేరుపడినవాళ్ళు ఒకే జిల్లాలో ఉంటే ఒకరి గేటు ఒకరు కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకే దూరం పోయారు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని రేకందార్ చినవెంకటరావు 1937లో మొదలుపెట్టింది ఉత్తరాంధ్ర కొసన, ఒడిశా సరిహద్దును ఆనుకున్న జిమిడిపేటలో. కడప జిల్లాలో పుట్టిన సమాజం కొమ్మ తెలుగు నేల రెండో చివర నాటుకుంది. తర్వాతి కాలంలో హైదరాబాదులో సురభి అంటే అందరికీ గుర్తొచ్చే సమాజం అయింది అదే.

సినిమా నటుల్ని తీసుకెళ్ళింది

మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాసుకున్నాం. సెన్సారు ధ్రువపత్రం తేదీ 1932 జనవరి 22 అని బయటపడ్డాక, విడుదల 1932 ఫిబ్రవరి 6 అని ఇప్పుడు స్థిరపడింది. మూలం బళ్ళారి ధర్మవరం వారి నాటకం. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి నటుల కోసం ఎక్కడెక్కడో వెతకలేదు, సురభి వాళ్ళను బొంబాయికి తీసుకెళ్ళాడు. లీలావతిగా నటించిన సురభి కమలాబాయి తెలుగు తెరకు తొలి కథానాయిక. ఆమె 1907లో పుట్టింది. తల్లికి రంగం మీద వేషంలో ఉండగానే నొప్పులొచ్చాయనీ, జనం అది కూడా నటనే అనుకున్నారనీ ఒక కథ ఉంది. నిజమో కల్పనో గానీ సురభి ఇళ్ళలో పుట్టుకకూ రంగానికీ మధ్య దూరం ఎంతో ఈ కథ చెబుతుంది.

సినిమా ముందు నటుల్ని తీసుకెళ్ళింది. ప్రేక్షకుల్ని తీసుకెళ్ళడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. ఎందుకంటే సురభి తన దగ్గరున్న ఒక సరుకుతో గట్టిగా ఎదురు నిలిచింది, అది మాయ. 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్' సినిమాలొచ్చి మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనితనం చూసి జనం నోళ్ళు తెరిచారు. సురభి అదే కథల్ని కెమెరా లేకుండా కళ్ళముందు చేసి చూపింది. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి దూకుతాయి. దారాలు, తీగలు, కప్పీలు, వింగ్స్ పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి లాగే మేనమామలు, ఇంతే సరంజామా. ఒక్క దారం ఒక్క క్షణం ముందు లాగితే లడ్డూ ముక్కుకు తగులుతుంది. ట్రిక్కు సీను బయటివాళ్ళకు నేర్పరు, చూసి నేర్చుకోవాల్సిందే.

ఈ ట్రిక్కుల్ని చిన్నచూపు చూసిన విమర్శకులు లేకపోలేదు. పౌరాణికం, పద్యం, గారడీ కలిపి నాటకం అంటారా అని వాళ్ళ ప్రశ్న. తోలుబొమ్మల తెర మీద తల తెగి మళ్ళీ అతుక్కోవడం, హనుమంతుడు పెరగడం చూపించిన చేతులే ఇవి. ఆ వారసత్వాన్ని వదిలి ఇబ్సెన్ ఆడమంటే ఎలా?

డేరా లెక్క

అసలు విషయం గేటు దగ్గర ఉంది. కాగితం తీసుకుని ఒక సమాజం నెల బతుకును రాసి చూద్దాం. ఇది ఏ ఒక్కరి పద్దు పుస్తకమూ కాదు, లెక్క నడిచే తీరు తెలియడానికి ఊహించుకున్న అంకెలు.

సమాజంలో 60 మంది. పిల్లలు, ముసలివాళ్ళు పోగా పనిచేసేవాళ్ళు 40. రేకుల హాల్లో 400 కుర్చీలు. టికెట్టు సగటున 50 రూపాయలు. నెలకు 25 ఆటలు. హాలు సగం నిండితే రాత్రికి 200 మంది, 10,000 రూపాయలు. నెలకు రెండున్నర లక్షలు. స్థలం అద్దె, కరెంటు, లారీలు, మైకు ప్రచారం, దుస్తులు, రంగులు కలిపి లక్ష అనుకుందాం. మిగిలింది లక్షన్నర. దాన్ని 40 మంది పంచుకుంటే మనిషికి 3,750 రూపాయలు.

2024-25లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. పాతిక రోజులకు 7,500. అంటే సగం నిండిన హాల్లో పద్యం పాడిన నటుడికి దక్కేది మట్టి తవ్విన కూలీకి దక్కేదాంట్లో సరిగ్గా సగం. అప్పట్లో ఉపాధి హామీ ఏడాదికి వంద రోజులే కాబట్టి పోలిక పూర్తిగా సరితూగదు. కానీ రోజు విలువ ఎంతో తెలియడానికి ఇది చాలు.

ఆ కూలితో సమానం కావాలంటే? 40 మందికి 7,500 చొప్పున మూడు లక్షలు, ఖర్చులు ఒక లక్ష, మొత్తం నాలుగు లక్షలు. ఆటకు 16,000 రావాలి. యాభై రూపాయల టికెట్టు మీద అది 320 మంది. అంటే ప్రతి రాత్రీ, వానొచ్చినా క్రికెట్ మ్యాచ్ ఉన్నా, హాలు 80 శాతం నిండాలి. సినిమా హాళ్ళు కూడా వారం మధ్యలో అంత నిండవు.

సురభి వాళ్ళకు ఇరవైకి పైగా నాటకాలు నోటికి ఎందుకు రావాలో కూడా ఇందులోనే తెలుస్తుంది. ఇరవై వేల జనాభా ఉన్న ఊరు అనుకుందాం. పదిమందిలో ఒకరు నాటకానికి వస్తారనుకుంటే రెండు వేల మంది. రాత్రికి 320 చొప్పున ఆరు ఆటలకే ఆ జనం అయిపోతారు. పాతిక ఆటలు ఆడాలంటే వచ్చినవాళ్ళే నాలుగుసార్లు రావాలి. చూసిన నాటకానికే నాలుగుసార్లు ఎవరొస్తారు? సోమవారం 'మాయాబజార్', మంగళవారం 'బాలనాగమ్మ', బుధవారం 'లవకుశ', గురువారం 'వీరబ్రహ్మంగారి చరిత్ర'. రోజుకో నాటకం మార్చడంలో కళాతృష్ణ ఎంతున్నా అవసరం అంతకంటే ఎక్కువ ఉంది. ఊరు ఎండిపోయాక డేరా పీకి ఇంకో ఊరికి వెళ్ళాలి. లారీ అద్దె, మళ్ళీ రేకులు కట్టడం, ఆటలేని వారం పది రోజులు. ఆ రోజులు ఈ పద్దులో ఇంకా వేయలేదు.

టికెట్టు ధర పెంచొచ్చు కదా అనొచ్చు. వంద రూపాయలు చేస్తే 160 మంది చాలు. పన్ను బెడద కూడా లేదు, 500 రూపాయల లోపు టికెట్టున్న నాటకానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. కానీ మన ఊళ్ళలో నాటకానికి డబ్బు పెట్టే అలవాటు పోయింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది మొదలు, 1998లో మొదలైన నంది నాటకోత్సవాల దాకా తెలుగులో నాటకానికి ఊతమిచ్చింది పోటీలే. మంచి నాటికలు వచ్చాయి, మంచి నటులు వచ్చారు. కానీ పరిషత్తులో ప్రవేశం ఉచితం. ఊళ్ళో పద్యనాటకం పెట్టిస్తే డబ్బు ఇచ్చేది జాతర కమిటీ, చూసేవాళ్ళు దుప్పటి కప్పుకుని ఊరికే చూస్తారు. రెండు మూడు తరాల పాటు నాటకం ఉచితంగా దొరికిన చోట యాభై రూపాయల టికెట్టు కూడా ఖరీదుగానే కనిపిస్తుంది. పరిషత్తుల వాళ్ళు నొచ్చుకున్నా సరే, ఈ మాట అనక తప్పదు.

నటుడి చేతిలో లేని జబ్బు

విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు 1966లో రంగస్థల కళల ఖర్చుల మీద ఒక పుస్తకం రాశారు. వాళ్ళు చెప్పిన విషయం సురభికి అచ్చంగా సరిపోతుంది. ఫ్యాక్టరీలో యంత్రం మెరుగైతే అదే మనిషి రెట్టింపు సరుకు తీస్తాడు, కూలి పెరిగినా యజమానికి గిట్టుబాటవుతుంది. నాటకంలో అది కుదరదు. 1885లో 'కీచకవధ'కు ఎంతమంది నటులు, ఎన్ని గంటలు కావాలో ఇవాళా అంతే కావాలి. భీముణ్ణి తీసేసి యంత్రాన్ని పెట్టలేం. బయటి లోకంలో కూలి రేట్లు పెరిగేకొద్దీ నాటకం ఖర్చు పెరుగుతుంది, ఉత్పత్తి మాత్రం రాత్రికి ఒక ఆట దగ్గరే ఆగిపోతుంది. సినిమా ఒకసారి తీస్తే వెయ్యి హాళ్ళలో ఒకేసారి ఆడుతుంది. సురభి సమాజం ఒక రాత్రి ఒక ఊళ్ళోనే ఆడగలదు.

చాలాకాలం ఈ జబ్బును కుటుంబం కప్పిపెట్టింది. జీతం లేని అమ్మ, జీతం లేని మనవడు, ఉమ్మడి వంట. నెల బాగా లేకపోతే అందరూ కలిసి గంజి తాగారు. కంపెనీకి ఆ వెసులుబాటు ఉండదు, నటుడు జీతం రాకపోతే పెట్టె సర్దుకుంటాడు. తక్కిన నాటక కంపెనీలు ఎప్పుడో మూతపడినా సురభి మిగలడానికి కారణం ఇదే.

1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1995లో ఈటీవీ, ఆపైన వరసగా చానళ్ళు. పౌరాణికం ఇంటికే వచ్చింది. దాని దెబ్బ నిజమే. కానీ నా లెక్కలో అంతకంటే పెద్ద మార్పు బడి. రెండు నెలలకో ఊరు మారే సమాజంలో పిల్లవాడు ఏడాదికి ఆరు బడులు మారాలి. పాత రోజుల్లో ఆ ప్రశ్నే రాలేదు, నాటకమే బడి. తర్వాతి తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనుకున్నారు. చదివించాలంటే ఒకచోట ఉండాలి. ఒకచోట ఉంటే రోజూ కొత్త ప్రేక్షకులు దొరకరు. చదివిన పిల్లవాడికి ఉద్యోగం దొరికితే అతని మొదటి నెల జీతం ఇంట్లో నలుగురి నాటకం ఆదాయం కంటే ఎక్కువ.

ఒక్కో తరంలో సగం మంది వేరే దారి పట్టారనుకోండి. 50 సమాజాలు 25 అవుతాయి, తర్వాత 12, తర్వాత 6. మూడు తరాల్లో పెరిగింది మూడు తరాల్లో తరిగింది. ఒక్కసారిగా కూలిపోవాల్సిన అవసరం లేదు, ప్రతి ఇంట్లో సగం మంది పిల్లలు బాగా చదువుకుంటే చాలు. ఇందులో ఏడవాల్సిన విషయం నాకు సగమే కనిపిస్తుంది. సురభి ఇంట్లో పుట్టినందుకు ఆ పిల్ల జీవితాంతం శశిరేఖగానే ఉండాలని ఆశించే హక్కు ప్రేక్షకుడికి ఎక్కడిది?

మిగిలిన అయిదు

మిగిలినవాటిలో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీలో స్థిరపడింది. దాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుని అందరూ బాబ్జీ అనేవారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2022లో కన్నుమూశారు. జాతీయ నాటక పాఠశాలకు ఒకప్పుడు డైరెక్టరుగా ఉన్న కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ సురభి వాళ్ళతో కలిసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీదేవత యాదమ్మ' చేయించారు. చివరిది బ్రెఖ్ట్ నాటకానికి తెలుగు రూపం. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో ఆడిన ఆటలతో నగరంలో కొత్త తరం చూపరులు తయారయ్యారు.

డేరా కాలంతో పోలిస్తే ఆదాయం తీరు మారిపోయింది. ఇప్పుడు గేటు కంటే గ్రాంటు, ప్రభుత్వ ఉత్సవాలు, పిలిచి ఆడించే సంస్థలు ముఖ్యం. గ్రాంటు ఆలస్యమైతే ఆకలి మొదలవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు గేటూ పిలుపులూ ఒకేసారి ఆగిపోయాయి. నూట నలభై ఏళ్ళ కిందట జమీందారు లేకుండా బతకడం నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు మరో రకం జమీందారు సంతకం కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. గ్రాంటు తప్పని అనను. ఒక్క మనిషి కూలి కూడా మిగల్చని వృత్తికి బయటి డబ్బు కావాల్సిందే. అయితే గ్రాంటు ఫైలు మీద ఆధారపడే నాటకం ఆ ఫైలు కదిలే వేగంతోనే కదులుతుంది.

ఒక లెక్క మాత్రం మన చేతిలో ఉంది. తెలుగు ఊళ్ళలో నాటకం అనగానే ముందు అడిగేది పాసు. పోలీసు స్టేషనుకు, మునిసిపల్ ఆఫీసుకు, కరెంటు ఆఫీసుకు, విలేకరులకు, స్థలం యజమాని బంధువులకు. పైన వేసిన పద్దులో రాత్రికి 60 పాసులు ఇవ్వాల్సి వచ్చిందనుకోండి. ఆటకు 3,000 పోతుంది, పాతిక ఆటలకు 75,000. అది పదిమంది కళాకారుల నెల కూలి. మీ ఊళ్ళోనో మీ నగరంలోనో సురభి ఆట పడినప్పుడు పాసు అడక్కండి. టికెట్టు కొనండి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. వంద రూపాయలు పెట్టారని గొణక్కండి కూడా.